కడుపు నొప్పి సార్

మా ఆశ్రమ పాఠశాల ఆఫీసు గదిలో బీరువా పక్కన ఒక పొడవాటి రిజిస్టరు ఉంటుంది. ఏ రోజు ఏ పిల్లవాడికి ఒంట్లో బాగాలేదు, ఏ గోలీ ఇచ్చాం అని అందులో రాస్తాం. ఈ మధ్య పాత రిజిస్టర్లు సర్దుతూ పన్నెండేళ్ల కిందటి దాన్ని తెరిచాను. పేజీ నిండా నా చేతిరాతే. కడుపు నొప్పి, కడుపు నొప్పి, జ్వరం, మళ్లీ కడుపు నొప్పి. ఎదుటి గడిలో ఇచ్చిన మందు కూడా ఇంచుమించు ఒకటే. ఆ పేజీ చూస్తే మా పిల్లలకు కడుపు తప్ప వేరే అవయవం లేదేమో అనిపిస్తుంది.

ఒక పేరు దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆరో తరగతి పిల్లవాడు. వరుసగా మూడు రోజులు అతని పేరు ఉంది. మూడు రోజులూ కడుపు నొప్పి అనే రాశాను. ఆ మూడు రోజుల్లో అతనికి ఒక్కసారి కూడా కడుపు నొయ్యలేదు. ఆ సంగతి నాకు ఎలా తెలిసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను గోండును. పాత ఆదిలాబాద్ జిల్లాలో వాగు అవతలి గూడెంలో పుట్టాను. ఒకటో తరగతిలో చేరిన రోజు నాకు తెలుగు ఒక్క ముక్క రాదు. మొదట నేర్చుకున్నవి మూడు మాటలు. "నీళ్లకు పోత సార్", "ఒంటికి పోత సార్", "కడుపు నొప్పి సార్". ఈ మూడూ వస్తే బడిలో బతకొచ్చు. తల నొచ్చినా, చెవి పోటు పెట్టినా, అమ్మ గుర్తొచ్చినా మూడో మాటే అనేవాళ్లం. వేరే మాట రాదు మరి. ఈ పుస్తకం చదివే మీలో చాలామంది ఇట్లాగే మొదలుపెట్టి ఉంటారు.

తర్వాత డైట్‌లో టీచర్ ట్రైనింగ్ చేశాను. మాతృభాషలో బోధన ఎందుకు అవసరమో పరీక్షలో పేజీలు నింపి రాశాను. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను మన గూడేలకు పంపిందనీ, 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలై గోండీ వాచకాలు వచ్చాయనీ గర్వంగా చెప్పుకునేవాణ్ని. కానీ ఉద్యోగంలో చేరాక నా తరగతిలో నేను పెట్టిన మొదటి నియమం, బడిలో తెలుగే మాట్లాడాలి అని. పిల్లలు పోటీల్లో వెనకబడొద్దని నా ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. దాని ఫలితం ఆ పిల్లవాడి మీద పడింది.

అది పుష్యమాసం. మా వైపు చలి ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెల్లవారకముందే తొట్టిలో నీళ్లతో స్నానం, తర్వాత ప్రార్థన. మొదటి రోజు ఆ పిల్లవాడు వచ్చి "కడుపు నొప్పి సార్" అన్నాడు. డబ్బాలోంచి గోలీ తీసిచ్చాను. రెండో రోజు మళ్లీ వచ్చాడు. మళ్లీ గోలీ. ఆ రోజుల్లో నాగోబా జాతరకు పోయొచ్చిన పిల్లలకు బడి మీద మనసు నిలవదు, ఇంటికి పోవడానికి సాకులు చెబుతారు. ఇతనూ అంతేననుకున్నాను. మూడో రోజు అదే మాట అంటే కోపం వచ్చి, మైదానం చుట్టూ రెండు చుట్లు ఉరకమన్నాను. ఒక చుట్టు ఉరికి కూర్చున్నాడు. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

సాయంత్రానికి ఒళ్లు కాలిపోతోంది. కళ్లు పచ్చగా ఉన్నాయి. 108కు ఫోన్ చేసి, గూడేనికి మనిషిని పంపాం. అంబులెన్సు కంటే ముందు వాళ్ల నానమ్మ వచ్చింది. మనవడి పక్కన నేల మీద కూర్చొని గోండీలో మెల్లగా అడిగింది. ఎక్కడ నొస్తోంది, ఎప్పటినుంచి, గుచ్చినట్టా, నలిపినట్టా. పిల్లవాడు మోకాళ్ల కింది ఎముకలు చూపించాడు. తొడలు చూపించాడు. నడుము, ఎదరొమ్ము చూపించాడు. కడుపు మీద చెయ్యి పెట్టలేదు.

ఆమె నా వైపు తిరిగి గోండీలోనే అన్నది. "సారూ, నువ్వు మనోనివే కదా. మన మాటల ఒక్కసారి అడుగరాలేదా?"

నాకు జవాబు లేదు. ఇన్నేళ్లకూ లేదు.

జిల్లా దవాఖానలో ఆ రాత్రి పిల్లల వార్డు చూసేది ఒక్క డాక్టరు, ఇద్దరు నర్సులు. మంచానికి ఇద్దరు పిల్లలు. పట్టించుకోవడం లేదని నేను గొంతు పెంచాను. ఆ డాక్టరు వయసులో నాకన్నా చిన్నవాడు. పొద్దున్నించి డ్యూటీలో ఉన్నాడని తర్వాత తెలిసింది. కోప్పడకుండా చెప్పాడు. "సార్, నేను ఏది అడిగినా మీవాళ్లు 'ఆ' అంటారు. విరేచనాలున్నాయా అంటే ఆ. లేవా అంటే ఆ. తగ్గిందా అంటే ఆ. నేను దేన్ని నమ్మి మందు రాయాలి?" జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. గోండీ మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. సగం తప్పులు. దిద్దమని నాకిచ్చాడు. ఆ రాత్రి ఇంకో నాలుగు మంచాల దగ్గర నేను అతనికి దుబాసీగా నిలబడ్డాను. రెండు దాటాక అతను చల్లారిపోయిన ఉప్మా తింటూ, మధ్యలో పిలుపొస్తే పొట్లం మూసి పరుగెత్తాడు. డాక్టర్లు మనల్ని చులకన చేస్తారని మనలో ఒక మాట ఉంది. చేసేవాళ్లు ఉన్నారు, నేనూ చూశాను. కానీ మన మాట రాక చేతులు కట్టేసినట్టు పని చేసేవాళ్లు కూడా ఉన్నారు. ఆ రాత్రి నా కోపం ఎటు పోవాలో నాకు తెలియలేదు.

పిల్లవాడి హిమోగ్లోబిన్ ఆరు గ్రాములు. రక్తపరీక్షలో తేలిన జబ్బు పేరు సికిల్ సెల్.

ఈ జబ్బు సంగతి మనందరికీ తెలియాలి. రక్తంలో ఎర్ర కణాలు మామూలుగా గుండ్రంగా, మెత్తగా ఉండి సన్నని నాళాల్లోంచి కూడా జారిపోతాయి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఆ కణాలు గట్టిపడి కొడవలిలా వంకర తిరుగుతాయి. వరదకు కొట్టుకొచ్చిన కొమ్మలు కాలువ తూము దగ్గర అడ్డం పడినట్టు సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. రక్తం అందని చోట, ముఖ్యంగా ఎముకల్లో, భరించలేని నొప్పి. ఆ కణాలు తొందరగా చితికిపోతాయి కాబట్టి రక్తం తగ్గుతుంది, కళ్లు పచ్చబడతాయి. చలి, నీళ్లు తక్కువ తాగడం, జ్వరం, ఒంటికి మించిన శ్రమ నొప్పిని రేపుతాయి. చన్నీళ్ల స్నానం, గోలీ, మైదానం చుట్టూ పరుగు. ఆ మూడు రోజుల్లో మేం చేసినవన్నీ అతనికి చేయకూడనివే.

మన దేశంలో ఈ జబ్బును మొదట 1952లో నీలగిరి ఆదివాసుల్లో గుర్తించారు. మధ్య భారతం అడవుల్లో మన జాతుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఎందుకంటే, ఈ గుణం తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవాళ్లకు జబ్బు ఉండదు, పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత కాపు ఉంటుంది. మలేరియా ఉన్న అడవుల్లో తరతరాలుగా ఆ గుణం నిలిచిపోయింది. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. ఇందులో పాపం లేదు, శాపం లేదు, ఎవరి తప్పూ లేదు.

ఇది విన్నాక నానమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఇతనికంటే ముందు పుట్టిన ఆడపిల్లకు ఏడాది నిండకముందే చేతులు, పాదాలు వాచేవట. మూడేళ్లకు పోయిందట. పేన్‌కు కోపం వచ్చిందని మొక్కులు మొక్కారట. "మేము ఏం తక్కువ చేసినమో అని ఇన్నేండ్లు అనుకున్నం" అన్నది. ఆమె మనసు మీది ఆ బరువు ఆ రోజు కొంచెం దిగిందని నాకనిపించింది. నాది దిగలేదు.

తొమ్మిది రోజులకు పిల్లవాడు ఇల్లు చేరాడు.

మా అక్క బిడ్డ ఏఎన్ఎం. ఆమె పని సుఖమైనదని నేను చాలాకాలం అనుకున్నాను. ఒక ఆగస్టు నెలలో, రెండో శనివారం నాకు సెలవు, ఆమెకు టీకాల రోజు. తోడుగా పోయాను. ఏజెన్సీలో మూడు వేల జనాభాకు ఒక ఉపకేంద్రం ఉండాలని ప్రభుత్వ లెక్క. మైదానంలో అయితే ఐదు వేలు. లెక్కలో మనకు మేలే. కానీ ఆ మూడు వేల మంది పదకొండు గూడేల్లో, రెండు వాగులకు అటూ ఇటూ ఉంటే? స్కూటీ సగం దారి వరకే పోయింది. అక్కడినుంచి ఐసు ప్యాకులు పెట్టిన టీకా డబ్బాను భుజానికి తగిలించుకొని మోకాలి లోతు నీళ్లలో నడిచింది. తట్టు టీకా పొడి ఒకసారి కలిపితే నాలుగు గంటల్లో వాడెయ్యాలి, లేదంటే పారెయ్యాలి. అందుకే తల్లులు చేనుకు పోకముందే చేరుకోవాలని ఆమె తొందర.

ఒక ఇంట్లో తల్లి బిడ్డను దాచింది. పోయినసారి సూది వేశాక జ్వరం వచ్చిందని. "వస్తది వదినా, ఒక రోజు ఉండి పోతది, నీ బిడ్డ ఒళ్లు మందును గుర్తుపట్టిందన్నట్టు" అని నచ్చజెప్పింది. ఇంకో ఇంట్లో గర్భిణికి ఇచ్చిన ఐరన్ గోలీలు పెంకుల సందులో ఉన్నాయి. నేనైతే అరిచేవాణ్ని. ఆమె కూర్చొని అడిగింది. వాంతి వచ్చినట్టయితదని, విరేచనం నల్లగా పోతున్నదని, గోలీలు మింగితే బిడ్డ పెద్దగా పెరిగి కాన్పు కష్టమయితదని ఆ అమ్మాయి ఒక్కొక్కటీ బయటపెట్టింది. నలుపు గోలీ వల్లనే, భయం లేదు. వాంతి అనిపిస్తే రాత్రి తిన్నాక మింగు. చాయతో వద్దు, నిమ్మరసంతో మంచిది. బిడ్డ పెద్దగా పెరగదు, నీకు రక్తం వస్తది. పావుగంట పట్టింది. ఆ పావుగంట ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు.

ఒక పెద్దాయన సూది వెయ్యమని పట్టుబట్టాడు. ముందు వేలి చుక్క తీసి మలేరియా కిట్టు మీద చూసింది. వైవాక్స్ తేలింది. సూది కాదు తాతా, గోలీలు, పద్నాలుగు రోజులు మానకుండా మింగాలి అన్నది. మూడో రోజుకు జ్వరం తగ్గగానే మనవాళ్లు మానేస్తారు. కాలేయంలో దాగిన క్రిమి కొన్ని నెలలకు మళ్లీ లేస్తుంది. ఆ పెద్దాయన మొహం చిట్లించుకొని, సంతలో సూది వేసే ఆయన దగ్గరికి పోతానన్నాడు. "సూది ఎయ్యకుంటే నాకు పని రాదంటరు మామా, ఎస్తే నేను తప్పు చేసినట్టు" అన్నది నా మేనకోడలు.

తిరుగుదారిలో సిగ్నల్ దొరికే గుట్ట దగ్గర ఆగి ఫోనులో పేర్లు ఎక్కించింది. అవే పేర్లు మళ్లీ రిజిస్టర్లలో. ఇంటికి చేరేసరికి చీకటి. ఆమె బిడ్డకు కూడా రెండు రోజులుగా జలుబు, మా అక్క చూసుకుంటోంది. అన్నం తింటూ ఒక మాట అన్నది. "కాన్పుల ఎవరన్న చనిపోతే ముందు నన్నే అడుగుతరు మామా, ఎందుకు పోయిందని. రాసిస్త. కని ఆ కాగితంల వాగు గురించి రాయనీకి గడి లేదు."

నర్సింగు చదవాలనుకునే చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఇది దాచకుండా చెబుతున్నాను. ఈ పనిలో నిద్ర తక్కువ, మాటలు పడటం ఎక్కువ. కొందరికి ఏళ్ల తరబడి కాంట్రాక్టు కొలువే. అయినా రమ్మని చెబుతాను. ఆ గర్భిణి తన భయాలు మూడూ బయటపెట్టింది తన మాటలో అడిగినందుకే. గోండీ, కొలామీ, కోయ వచ్చిన నర్సు చేతిలో అదే గోలీ ఎక్కువ పని చేస్తుంది.

భక్తల్ దగ్గరికి పోయేవాళ్ల గురించి కూడా ఆమెను అడిగాను. "పోవద్దనను మామా. ఆయన చెయ్యి పట్టి చూస్తడు, ఇంట్లో అందరి పేర్లు అడుగుతడు, కూసోబెట్టి మాట్లాడతడు. దవాఖానల అది దొరకదు. నేను అనేది ఒక్కటే, ముందు నా దగ్గర రక్తం చుక్క ఇచ్చి పోండ్రి." ఇప్పుడు ఆ గూడెం భక్తలే జ్వరం వచ్చినవాళ్లను ముందు ఆమె దగ్గరికి పంపుతున్నాడు.

ఇక మా బడి. ఇప్పుడు మా దగ్గర మనిషి ఆకారం గీసిన అట్ట ఒకటి గోడకు ఉంది. ముందు, వెనక రెండూ. పిల్లవాడు వచ్చి మాట రాకపోతే బొమ్మ మీద వేలు పెడతాడు. గోండు పిల్లలను నేను గోండీలో అడుగుతాను. కొలాం పిల్లల మాట నాకు రాదు, ఎనిమిదో తరగతి కొలాం పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఆడపిల్లలకు మేడమ్, ఆయమ్మ ఉన్నారు. రిజిస్టర్లో గడులు పెంచాం. ఎక్కడ, ఎప్పటినుంచి, కళ్లు ఎట్లా ఉన్నాయి, నీళ్లు తాగాడా, ఒంటికి పోతున్నాడా.

ఇట్లా అడిగితే కడుపు నొప్పి అనేక రకాలుగా విడిపోయింది. చెవిలో చీము. పుచ్చిన పన్ను. నెలసరి నొప్పి, అడగడానికి సిగ్గు. గజ్జి దురదకు రాత్రంతా నిద్ర లేకపోవడం. గజ్జికి ఒక్కడికి పూస్తే పోదు, గదిలో ఉన్నవాళ్లందరికీ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా పూయాలి, మర్నాడు బట్టలూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉతకాలి. నిజంగా కడుపు నొప్పి ఉన్నవాళ్లలో పురుగులు ఉండొచ్చు, అందుకే ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల గోలీ రోజున ఒక్కరినీ వదలం. వారం వారం ఇచ్చే ఐరన్ గోలీ అన్నం తిన్నాకే ఇస్తాం. ఉట్నూరులో మన ఆడవాళ్లు చేసే ఇప్పపువ్వు లడ్డూలు పిల్లలు అడిగి మరీ తింటారు. అయితే రక్తం తక్కువ ఉన్నవాళ్లందరికీ ఐరన్ ఒక్కటే మందు కాదు. సికిల్ సెల్ ఉన్నదేమో పరీక్ష చేయించాలి, ఉంటే ఐరన్ డాక్టరు చెబితేనే ఇవ్వాలి. కొన్నిసార్లు ఏ మందూ అక్కర్లేదు. అమ్మ మీద బెంగ. దానికి ఫోనులో ఐదు నిమిషాలు మాట్లాడించడమే.

టీచరు డాక్టరు కాదు. గోలీ డబ్బా మన దగ్గర ఉందంటే అంతా మనమే చూసుకోగలమని కాదు. జ్వరంతో మగతగా ఉన్నా, ఫిట్సు వచ్చినా, ఆయాసపడుతున్నా, ఏదీ తాగలేకపోతున్నా, కళ్లు పచ్చబడినా ఒక్క పూట కూడా ఆగకూడదు. సికిల్ సెల్ పిల్లలకు మామూలు జ్వరమైనా వెంటనే చూపించాలి. వాళ్లకు నీళ్ల సీసా ఎప్పుడూ పక్కన ఉండాలి, చలికాలం వేడినీళ్లు, పరుగుపందేల నుంచి మినహాయింపు, డాక్టరు రాసిన గోలీలు రోజూ.

2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. నలభై ఏళ్లలోపు ఆదివాసులందరికీ పరీక్ష చేసి కార్డులు ఇవ్వాలని. మా బడిలో శిబిరం పెట్టినప్పుడు పిల్లలు భయపడి వెనక నక్కారు. నాకు నలభై దాటాయి. అయినా ముందు నా వేలు చాపాను. కొన్ని వారాలకు కార్డు వచ్చింది. నేను వాహకుణ్ని. జబ్బు లేదు, కానీ ఆ గుణం నా రక్తంలో ఉంది.

పిల్లలకు పాపం లేదు శాపం లేదు అని చెప్పే నేను ఆ కార్డును నెల రోజులు బీరువాలో దాచాను. నా బిడ్డ పెండ్లి గుర్తొచ్చింది. నలుగురూ ఏమంటారో గుర్తొచ్చింది. నా భార్యకు పరీక్ష చేయించాను, ఆమెకు లేదు. అంటే నా బిడ్డకు జబ్బు రాదు, నాలాగా వాహకురాలు మాత్రం కావచ్చు. ఆమెకూ పరీక్ష చేయిస్తున్నాను. ఒక రోజు ధైర్యం చేసి ఆ కార్డు తొమ్మిదో తరగతిలో చూపించాను. ఆ సాయంత్రం ముగ్గురు పిల్లలు తమ కార్డులు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. వాళ్లూ పెట్టెల్లో దాచుకున్నారు.

మొన్న ఆ పాత పిల్లవాడు ఫోన్ చేశాడు. ఇప్పుడు డిగ్రీ పూర్తి చేశాడు. ఏటా రెండు మూడుసార్లు నొప్పి వస్తుంది, గోలీలు మానడు. ఏవేవో మాట్లాడి చివరికి అడిగాడు. "సార్, నాకు పిల్లనిస్తరా?"

నేను గోండీలోనే చెప్పాను. మనం సంబంధం మాట్లాడేటప్పుడు ముందు ఏం అడుగుతాం? సగ. నాలుగా, ఐదా, ఆరా, ఏడా. ఒకే సగ అయితే ఎంత మంచి సంబంధమైనా లేచి వచ్చేస్తాం. ఎవరూ అవమానం అనుకోరు. కార్డు కూడా అట్లా అడగాలి. ఇద్దరు వాహకులు పెండ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం. నీకు జబ్బు ఉన్నా, పిల్లకు ఆ గుణం లేకపోతే పుట్టే బిడ్డలు వాహకులవుతారు గానీ ఎవరికీ జబ్బు రాదు. కాబట్టి ఇస్తరు. సగ చూసి, కార్డు చూసి ఇస్తరు. అతను కాసేపు ఆగి నవ్వాడు. నవ్వే ముందు ఆగిన ఆ కాసేపు నాకు తెలుసు. ఊర్లో అందరూ ఇంకా అట్లా అనడం లేదు. అనేటట్టు చేయాల్సింది చదువుకున్న మనమే. ముందు మన కార్డులు బీరువాల్లోంచి తియ్యాలి.

ఇవాళ పొద్దున ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్లవాడు ఆఫీసు గది గుమ్మంలో నిలబడి "కడుపు నొప్పి సార్" అన్నాడు. తెలుగులో అతనికి వచ్చిన మాటల్లో అదొకటి. రిజిస్టరు పక్కన పెట్టి, కింద అతని ఎత్తుకు కూర్చొని గోండీలో అడిగాను. ఎక్కడ బిడ్డా? ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.